పాత ఉత్తరాలు, రాతప్రతుల సేకరణ: కొనకముందు నుంచి పెట్టెలో పెట్టేదాకా

పాత ఉత్తరాలు సేకరించాలనుకునేవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేవి మూడు. ఎక్కడ దొరుకుతాయి? అసలుదో నకిలీదో ఎలా తెలుస్తుంది? మన ఎండలకీ వానలకీ ఇంట్లో ఎలా దాచాలి? ఒక్కొక్కరికీ ముక్కలుముక్కలుగా చెప్పడం కంటే, చేయాల్సిన వరసలో ఒకచోట రాస్తే నయమనిపించింది. ఉదాహరణలన్నీ సుమారు 1880 నుంచి 1970 దాకా తెలుగు ఇళ్ళలో తిరిగిన ఉత్తరాల నుంచే తీసుకున్నాను. తాటాకులకు దారి వేరు కాబట్టి వాటి సంగతి తర్వాత విడిగా చెప్తాను.

సంతకం ఒక్కటీ చూసి ఉత్తరం కొనకండి. ఎవరు రాశారు, ఎవరికి రాశారు, ఎప్పుడు, దేని గురించి, అది మీ చేతికి ఎలా వచ్చింది. ఈ ఐదూ తెలిసిన మామూలు కార్డు, ఏమీ తెలియని పెద్దమనిషి సంతకం కంటే పనికొస్తుంది. కింద చెప్పే జాగ్రత్తలన్నీ ఈ ఐదింట్లో ఏదీ మన చేతుల్లో పోకుండా ఉండటానికే.

## 1. ముందు హద్దు గీసుకోండి

"పాతవి ఏవైనా సరే" అని మొదలుపెడితే ఏడాది తిరిగేసరికి ఇల్లు చిత్తుకాగితాల కొట్టులా తయారవుతుంది. ఒక ఊరు, ఒక వృత్తి, ఒక ఉద్యమం, ఒక కుటుంబం, ఏదో ఒకటి పట్టుకోండి. నా హద్దు గోదావరి జిల్లాల బడిపంతుళ్ళ ఉత్తరాలు, అదీ అణాల కాలం దాకే. ఇంత చిన్న గీత గీసుకున్నా పదేళ్ళుగా పని తరగలేదు.

అమ్మేవాళ్ళు వాడే మాటలు కూడా తెలిసి ఉండాలి. ఈ రంగంలో ఆటోగ్రాఫ్ అంటే సంతకం కాదు, స్వహస్తంతో రాసినది.

- ఏఎల్ఎస్ (ఆటోగ్రాఫ్ లెటర్ సైన్డ్): ఉత్తరం మొత్తం తన చేత్తో రాసి సంతకం చేసినది. అన్నిటికంటే విలువైనది ఇదే.
- టీఎల్ఎస్ (టైప్డ్ లెటర్ సైన్డ్): టైపు చేయించి కింద సంతకం చేసినది.
- ఎల్ఎస్ (లెటర్ సైన్డ్): ఉత్తరం ఇంకొకరు రాస్తే కింద సంతకం మాత్రం చేసినది.
- విడి సంతకం: ఆటోగ్రాఫ్ పుస్తకంలోదో, కత్తిరించిన ముక్కో.

గాంధీగారి విషయంలో ఈ తేడా బాగా కనిపిస్తుంది. హరిజన నిధికి ఐదు రూపాయలు పుచ్చుకుని ఆయన సంతకం చేసి ఇచ్చేవారు. అలాంటి పేజీ అసలుదే అయినా అందులో సంగతేమీ ఉండదు. ఇంకోవైపు, మహదేవ్ దేశాయ్, ప్యారేలాల్ లాంటి కార్యదర్శులు రాసిపెడితే ఆయన సంతకం చేసిన ఉత్తరాలూ ఉన్నాయి. రాత ఆయనది కానంత మాత్రాన అది దొంగ ఉత్తరం కాదు. కానీ దాన్ని ఏఎల్ఎస్ ధరకు అమ్మితే మాత్రం మోసమే.

## 2. సంచిలో పెట్టుకోవాల్సినవి

- పది రెట్లు చూపించే భూతద్దం
- 365 నానోమీటర్ల యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చి
- చిన్న ఎల్ఈడీ లైటు (కాగితం వెనక పెట్టి చూడటానికి)
- స్కేలు, మెత్తటి పెన్సిలు, నోటు పుస్తకం
- ఉత్తరాలు మడత పడకుండా తేవడానికి రెండు గట్టి అట్టలు, రిబ్బను
- రసీదు రాయించుకోవడానికి కాగితాలు

పెన్ను సంచిలోనే ఉండనివ్వండి. ఉత్తరం దగ్గర పెన్సిలు తప్ప ఏదీ తెరవకూడదు.

సినిమాల్లో చూపించే తెల్ల గ్లవ్స్ కాగితానికి వద్దు. వేలికి స్పర్శ తెలియక అంచులు చిరుగుతాయి. చేతులు సబ్బుతో కడుక్కుని బాగా తుడుచుకుంటే చాలు. తలకు రాసిన కొబ్బరినూనె, చేతికి రాసిన క్రీము లేకుండా చూసుకోండి. గ్లవ్స్ పాత ఫొటోలు పట్టుకునేటప్పుడు వేసుకోవాలి.

## 3. ఎక్కడ వెతకాలి

ముందు మీ ఇంటి అటక, తర్వాత చుట్టాల అటకలు. పూర్వం చాలా ఇళ్ళలో వచ్చిన ఉత్తరాన్ని చదివి, వంటింటి గోడకో వసారాలోనో వేలాడే ఇనప తీగకు గుచ్చేవాళ్ళు. ఆ తీగ ఒకటి దొరికిందంటే మీ పంట పండినట్టే. అట్టడుగున ఉన్నది అన్నిటికంటే పాతది, పైన ఉన్నది చివర వచ్చినది. తేదీ చెరిగిపోయిన కార్డు ఏ రెండు కార్డుల మధ్య ఉందో చూస్తే దాని కాలం ఇట్టే తెలిసిపోతుంది.

అందుకే తీగ మీంచి ఒక్క కార్డు కూడా అక్కడికక్కడ లాగకండి. ముందు నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి. ఇంటికి తెచ్చాక పైనుంచి ఒక్కొక్కటే తీస్తూ, మూలన పెన్సిలుతో అంకె వేస్తూ వెళ్ళండి. కార్డు మధ్యలో ఉన్న తుప్పు చిల్లు లోపం కాదు. ఆ కార్డు ఏ తీగకు చెందిందో చెప్పే గుర్తు.

బయట వెతకాలంటే హైదరాబాదులో అబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్, కోఠి పాత పుస్తకాల కొట్లు, విజయవాడ లెనిన్ సెంటర్ ఉన్నాయి. అక్కడ ఉత్తరాలు ఉత్తరాలుగా దొరకవు, పాత పుస్తకాల్లో పేజీ గుర్తుకు పెట్టినవి దొరుకుతాయి. దొరికితే ఏ పుస్తకంలో, ఏ పేజీలో ఉందో అక్కడే రాసుకోండి. స్టాంపులు సేకరించేవాళ్ళను కూడా పరిచయం చేసుకోండి. వాళ్ళకు కవరు కావాలి, లోపలి కాగితం అక్కర్లేదు. మనకు రెండూ కావాలి. కత్తిరించకముందే అడగడంలో ఉంది కిటుకు.

ఇళ్ళ దగ్గర కొనేటప్పుడు ధర మాట చివర్న తీయండి. కోనసీమలో ఒక పెద్దావిడ ట్రంకు పెట్టె తీసి, "పిచ్చి కాగితాలు నాయనా, పొయ్యిలో వేద్దామనుకున్నా" అంది. "మామ్మగారూ, వేసే ముందు ఇందులో ఎవరెవరో ఒక్కసారి చెప్తారా?" అన్నాను. గంటన్నర చెప్పింది. ఆవిడ ఒప్పుకుంటే ఫోనులో రికార్డు చేసుకున్నాను. ఆ కట్టలో "అబ్బులు", "చిన్నాన్న", "రేవు దగ్గరవాళ్ళు" ఎవరో ఆ రికార్డింగు వల్లే తెలిసింది.

అంతకుముందు ఒకచోట నేను చేసిన తప్పూ చెప్పాలి. పెద్ద కట్టలోంచి రాత బాగున్న పన్నెండు కార్డులు ఏరుకుని మిగతావి వదిలేశాను. నెల తర్వాత వెళ్తే మిగతావి తూకానికి పోయాయి. నా దగ్గరున్న పన్నెండింటిలో ఎవరు ఎవరికి ఏమవుతారో ఇప్పటికీ తేలలేదు. డబ్బు చాలకపోతే వాయిదాల్లో ఇస్తానని చెప్పండి గానీ కట్టను విడగొట్టకండి.

## 4. డబ్బు ఇచ్చే ముందు చూడాల్సిన చట్టం

భారతదేశంలో శాస్త్ర, చరిత్ర, సాహిత్య, కళా విలువ ఉన్న రాతప్రతి, రికార్డు లేదా పత్రం 75 ఏళ్ళు దాటితే, 1972 నాటి పురావస్తువుల చట్టం కింద పురావస్తువే. మిగతా వస్తువులకు ఈ గడువు నూరేళ్ళు. దీనివల్ల మనకు తగిలేవి ఇవి:

- పురావస్తువులు అమ్మే వ్యాపారికి లైసెన్సు ఉండాలి. అడిగి చూడండి.
- బొమ్మలు, చిత్రాలు ఉన్న రాతప్రతి అయితే పురావస్తు శాఖ దగ్గర రిజిస్టరు చేయించాలి.
- కేంద్ర ప్రభుత్వం, అది అధికారమిచ్చిన సంస్థలు తప్ప ఇంకెవరూ దేశం దాటించకూడదు. అమెరికాలో ఉన్న మనవాళ్ళు తాతగారి పెట్టె సూట్‌కేసులో పెట్టుకుని వెళ్ళే ముందు ఇది గుర్తుంచుకోవాలి. మామూలు కుటుంబ క్షేమసమాచారాలకు ఇబ్బంది ఉండకపోవచ్చు. పేరున్నవాళ్ళ ఉత్తరం ఉంటే మాత్రం భారత పురావస్తు సర్వేక్షణ సంస్థను ముందే సంప్రదించండి. టెన్షన్ వద్దనుకుంటే స్కాన్లు తీసుకెళ్ళండి, అసలువి ఇక్కడే ఉంచండి.
- సర్కారీ ఫైలు నుంచి ఊడిన కాగితం, కచేరీ ముద్ర ఉన్న రికార్డు, లైబ్రరీ స్టాంపు గోకేసిన పేజీ కనిపిస్తే ఎంత చవకైనా ముట్టుకోకండి. అవి ఎవరి సొత్తో అమ్మేవాడికీ తెలుసు.

రసీదులో అమ్మినవారి పేరు, తేదీ, మొత్తం ఎన్ని కాగితాలు, అవి వారికి ఎలా వచ్చాయి అన్నవి రాయించుకోండి. చివరిది రాయడానికి వెనకాడితే కొనొద్దు.

కట్టలో భూమి దస్తావేజులు కలిసి వస్తే చదివి చూడండి. ఇంకా చెల్లే పట్టా ఏదైనా ఉంటే తిరిగి ఇచ్చేయండి. నేను రెండుసార్లు ఇచ్చాను, ఆ ఇళ్ళవాళ్ళే తర్వాత ఇంకో పెట్టె చూపించారు.

## 5. అసలుదా, నకిలీదా

అందరూ ముందు సంతకం చూస్తారు. అది చివర్న చూడాలి. సంతకం నచ్చేసిందంటే మిగతా లోపాలు కంటికి కనిపించవు. నేను పాటించే వరస: తపాలా గుర్తులు, కాగితం, సిరా, రాత, విషయం, అన్నిటికంటే ఆఖర్న సంతకం.

తపాలా గుర్తులు. ఉత్తరం మీద వేసిన తేదీకి, కార్డుకి పొంతన ఉందా చూడండి. ఈ జాబితా ఒక చీటీ మీద రాసుకుని భూతద్దం డబ్బాలో పెట్టుకుంటే మేలు.

- 1879 జూలై 1: ఇండియాలో పోస్టుకార్డు మొదలు, ధర కాలణా.
- 1902: ఏడో ఎడ్వర్డు బొమ్మ స్టాంపులు. 1911: ఐదో జార్జి. 1937: ఆరో జార్జి. రాజు చనిపోయాక కూడా పాత కార్డు వాడి ఉండొచ్చు, కొత్త రాజు బొమ్మ ముందే రాదు.
- 1950 అక్టోబర్ 2: ఇన్‌లాండ్ లెటర్.
- 1957 ఏప్రిల్ 1: నయాపైసలు. 1964లో "నయా" పోయింది.
- 1972 ఆగస్టు 15: పిన్‌కోడు.

ఊళ్ళ, జిల్లాల పేర్లు కూడా సాక్ష్యమే. ఇంగ్లీషు పోస్టు ముద్రల్లో బెజవాడ, కోకనాడ, మసులిపటం, విజగపటం అని ఉంటాయి. ప్రకాశం జిల్లా 1970లో ఒంగోలు జిల్లాగా ఏర్పడి, 1972లో ఆ పేరు తెచ్చుకుంది. కాబట్టి 1948 తేదీ వేసిన కాగితం మీద "ప్రకాశం జిల్లా" అని ఉంటే ఇంక భూతద్దం తీయాల్సిన పని లేదు. తెలంగాణ వైపు ఉత్తరాలైతే నిజాం సంస్థానానికి సొంత తపాలా, సొంత స్టాంపులు ఉండేవని గుర్తుంచుకోండి.

కాగితం. గది చీకటి చేసి యూవీ టార్చి వేయండి. తెల్లదనం కోసం కలిపే రసాయనాలు కాగితంలోకి వచ్చింది 1950 ప్రాంతంలో. అవి ఉంటే కాగితం నీలంగా, ట్యూబులైటులా వెలుగుతుంది. 1920 నాటి ఉత్తరం అలా వెలిగితే కథ ముగిసినట్టే. కానీ వెలగనంత మాత్రాన అసలుదనుకోవద్దు. పాత పుస్తకాల ఖాళీ అట్టపేజీలు, పాత లెక్కల పుస్తకాల తెల్ల కాగితాలు చించి వాటి మీద రాసేవాళ్ళున్నారు.

ఇక్కడ మన ఇళ్ళ సంగతి ఒకటి. శుభవార్త రాసిన ఉత్తరం నాలుగు మూలలా పసుపు రాసేవాళ్ళు. యూవీ కింద ఆ పసుపు ఆకుపచ్చ ఛాయలో మెరుస్తుంది. మొదటిసారి చూసి నేను కంగారుపడ్డాను. అది రసాయనం కాదు, తుడిచేయకండి. పెళ్ళి కుదిరిందనో, పురుడు వచ్చిందనో ఉత్తరం తెరవకముందే చెప్పే గుర్తు అది.

సిరా. పాత కాగితం మీద కొత్తగా రాస్తే సిరా వేర్లలా పాకుతుంది, ఎందుకంటే కాగితానికి పూసిన జిగురు ఏళ్ళ తరబడి చచ్చిపోయి ఉంటుంది. భూతద్దంతో మడత గీత చూడండి. రాశాక మడిచిన ఉత్తరంలో సిరా గీత మడత దగ్గర తెగుతుంది. మడిచాక రాసినదైతే సిరా ఆ పగులులోకి దిగి మచ్చ కడుతుంది. పురుగు తిన్న చిల్లు కూడా అంతే. చిల్లు అక్షరాన్ని తినాలి గానీ, అక్షరం చిల్లును తప్పుకుని వెళ్ళకూడదు.

సిరాబుడ్డిలో ముంచి రాసే కలం అయితే నాలుగైదు మాటలకోసారి గీత పలచబడి, మళ్ళీ ముదురుతుంది. పాళీ గట్టిగా నొక్కితే రెండు అంచులూ చీలి జంట గీత పడుతుంది. బాల్ పెన్ గీత మధ్యలో సన్నటి తెల్ల చారలు, అక్కడక్కడ సిరా ముద్దలు ఉంటాయి. బాల్ పెన్నులు అమెరికా బజారులోకే 1945లో వచ్చాయి, మన పల్లెలకు ఇంకా ఆలస్యంగా.

రాత. అదే మనిషి రాసిన, అనుమానం లేని నమూనాలు కనీసం మూడు, అదే కాలానివి సంపాదించండి. జాతీయ అభిలేఖాగారం వాళ్ళ అభిలేఖ్ పటల్ వెబ్‌సైటులో చాలామంది నాయకుల కాగితాలు స్కాన్లుగా ఉన్నాయి. అక్షరం ఆకారం దొంగకు కూడా తెలుసు, కాబట్టి దాన్ని పట్టుకుని కూర్చోకండి. అలవాట్లు చూడండి.

- తలకట్టు అక్షరంతో కలిపి రాస్తున్నారా, మాటంతా రాశాక వెనక్కి వచ్చి పెడుతున్నారా?
- ఒత్తు కలం ఎత్తకుండా వస్తోందా, విడిగానా?
- అరసున్న, బండి ఱ ఎక్కడెక్కడ వాడతారు? బడిలో నేర్చినవాళ్ళకు అది ఊపిరిలాంటిది. నకలు చేసేవాడు మొదటి నాలుగు పంక్తుల్లో పెట్టి తర్వాత మరిచిపోతాడు.
- ర కారపు వలపలగిలక (తర్వాతి అక్షరం పక్కన పెట్టే ౯ లాంటి పాత గుర్తు) వేసే అలవాటు ఉందా?
- పంక్తి చివర చోటు చాలకపోతే అక్షరాలు ఇరికిస్తారా, కిందికి వంచుతారా?

నకిలీ గీత మెల్లగా గీసిన బొమ్మలా ఉంటుంది. ఒత్తిడి అంతటా ఒకేలా, మొదలూ చివరా మొద్దుగా, మధ్యలో సన్నటి వణుకు. నిజంగా ముసలితనంలో చెయ్యి వణికినా వేగం పోదు, గీత తోక సన్నబడి తేలిపోతుంది.

విషయం. గాంధీగారి ఉత్తరమని ఎవరైనా చూపిస్తే ముందు ఆయన సంపూర్ణ రచనల 100 సంపుటాల్లో తేదీ పట్టుకుని వెతకండి. గాంధీ హెరిటేజ్ పోర్టల్‌లో అవి ఉచితంగా చదవొచ్చు. ఆ రోజు ఆయన ఏ ఊళ్ళో ఉన్నారో తెలుస్తుంది. అదే పాఠం అచ్చులో ఉంటే, అసలు ప్రతి ఎక్కడుందని రాశారో కూడా చూడాలి. అసలుది ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉంటే మీ ముందున్నది ఏమిటి?

## 6. తెలుగు తేదీని ఇంగ్లీషు తేదీగా మార్చడం

చాలా ఉత్తరాల మీద సంవత్సరం పేరు మాత్రమే ఉంటుంది. అరవై ఏళ్ళకోసారి అదే పేరు తిరిగి వస్తుంది కాబట్టి రెండు మూడు సమాధానాలు వస్తాయి. ప్రభవ 1867-68, 1927-28, 1987-88. ఇక్కడి నుంచి వరసగా లెక్కపెట్టుకోవచ్చు. శ్రీముఖ ఏడోది, అంటే 1873-74 లేదా 1933-34. ఈ రెండింట్లో ఏదో కార్డు మీద రాజు బొమ్మ చెప్తుంది. 1873లో పోస్టుకార్డే లేదు.

ఫసలీ (రెవెన్యూ లెక్కల సంవత్సరం) అంకె ఉంటే 590 కలపండి. 1350 ఫసలీ అంటే 1940-41. శాలివాహన శకానికి 78 కలపాలి. ఉగాది మార్చి, ఏప్రిల్ నెలల్లో వస్తుంది కాబట్టి పుష్యం, మాఘం, ఫాల్గుణం ఉత్తరాలు సాధారణంగా రెండో ఏడాదిలో పడతాయని మరచిపోకండి. కొత్తవాళ్ళు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

సంబోధనలు కూడా తేదీ చెప్తాయి. ఒకే ఆవిడకు వచ్చిన ఉత్తరాల్లో కొన్నాళ్ళు "చి.ల.సౌ." అని, ఒకచోట నుంచి "గం.భా.స." అని ఉంటే, ఆ రెండు ఉత్తరాల మధ్య ఆవిడ భర్త పోయాడన్నమాట. లక్ష్మీ సౌభాగ్యవతి గంగాభాగీరథీ సమానురాలు అయిపోయింది. ఏ ఉత్తరంలోనూ ఆ వార్త రాసి ఉండకపోవచ్చు.

## 7. ఇంటికి తెచ్చిన రోజు

1. కొత్తగా వచ్చిన కట్టను పాత వాటితో కలపకండి. జిప్ కవరులో పెట్టి రెండు మూడు వారాలు వేరే గదిలో ఉంచి, కవరు అడుగున పొడి రాలుతోందా చూడండి. రాలితే లోపల పురుగు బతికే ఉంది.
2. విప్పకముందు ఫొటో తీయండి. దారం, ముడి, వరస అన్నీ కనిపించాలి.
3. పైనుంచి అంకెలు వేయండి. వెనకవైపు, కింది మూల, మెత్తటి పెన్సిలుతో, నొక్కకుండా.
4. కవరు, లోపలి ఉత్తరం ఒకే అంకెతో ఉండాలి. కవరును పారేయడం ఈ పనిలో అన్నిటికంటే పెద్ద తప్పు.
5. గుండుసూది ఉంటే లాగకండి. సూదికీ కాగితానికీ మధ్య రెండు వైపులా పలచటి ప్లాస్టిక్ ముక్క దూర్చి, తుప్పు పట్టు వదిలాక మెల్లగా జరపండి.

## 8. శుభ్రం చేయడం: ఎంత తక్కువైతే అంత మంచిది

మెత్తటి బ్రష్‌తో మధ్య నుంచి అంచుకు దుమ్ము తోయండి. ఇంట్లో చేయదగిన శుభ్రం అంతే. మడతలు పోవాలంటే రెండు తెల్ల అద్దుడు కాగితాల మధ్య పెట్టి పైన బరువైన పుస్తకం నాలుగైదు రోజులు ఉంచండి. ఇస్త్రీ పెట్టె వద్దు, ఎండ వద్దు, తడిగుడ్డ అసలే వద్దు.

చేయకూడనివి, చేసేస్తే ఏం చేయాలి:

- లామినేషన్: వేడికి కాగితం ప్లాస్టిక్‌తో ఒకటైపోతుంది, మళ్ళీ విడదీయలేం. చేయించేసి ఉంటే ఇంట్లో ఊడదీయబోకండి. వెంటనే స్కాన్ తీసి ఊరుకోండి.
- సెల్లోటేపు: పదేళ్ళకు పచ్చబడి జిగురు సిరాలోకి దిగుతుంది. అతికించి ఉంటే అలాగే ఉంచి, నిపుణులకు చూపించండి.
- మైదా జిగురు: పురుగులకు పిలిచి పెట్టిన భోజనం.
- బూజు: తడిగా ఉన్నప్పుడు బ్రష్ తగిలిస్తే ఇంకా పాకుతుంది. గాలి ఆడేచోట నీడలో ఆరనిచ్చి, మాస్కు వేసుకుని, ఇంటి బయట దులపండి.

గోధుమ రంగుకు తిరిగి, వెనకవైపుకు కూడా దిగిన సిరా చాలావరకు ఇనుము కలిసిన పాత సిరా. అది కాగితాన్ని నెమ్మదిగా తినేస్తుంది, తడి తగిలితే ఇంకా వేగంగా. అక్షరాల చోట చిల్లులు పడుతుంటే అది మన పని కాదు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం పరిరక్షణ విభాగాన్నో, వారసత్వ సంపదను కాపాడే ఇంటాక్ సంస్థ పరిరక్షణ కేంద్రాలనో అడగండి.

## 9. నిల్వ

ఆసిడ్ లేని కాగితపు ఫోల్డరు, దాని బయట ఆసిడ్ లేని అట్టపెట్టె. ఎక్కువగా చూసే ఉత్తరాలకు పారదర్శక పాలియెస్టర్ కవర్లు వాడొచ్చు. కొత్త రెయిన్‌కోటు వాసన వస్తే అది పీవీసీ, వెనక్కి ఇచ్చేయండి. ఉత్తరాలను మడత విప్పి పడుకోబెట్టాలి, నిలబెట్టకూడదు.

చోటు: అటక మీద వేడి, నేల మీద చెదలు, బయటి గోడకు వానాకాలం చెమ్మ. ఇంటి మధ్య గదిలో, లోపలి గోడకు ఆనుకున్న బీరువా నడిమి అర బాగుంటుంది. తేమ చూపించే చిన్న మీటరు ఒకటి లోపల పెట్టండి. 45 నుంచి 55 శాతం మంచిది, 65 దాటి నిలబడితే బూజు ఖాయం. రాత్రి ఏసీ వేసి పగలు ఆపేయడం కంటే అసలు ఏసీ లేకుండా, గట్టి పెట్టెలో పెట్టడమే నయం. కాగితాన్ని చంపేది తేమ ఎక్కువ కావడం ఒక్కటే కాదు, అది రోజూ పెరిగి తగ్గడం కూడా.

కలరా ఉండలు కాగితానికి తగలనివ్వకండి. వసకొమ్ము, ఎండిన వేపాకు గుడ్డమూటలో కట్టి పెట్టె బయట, అరలో పెట్టండి. నెలకోసారి తెరిచి చూడాలి. నేను అమావాస్య నాడు చూస్తాను, క్యాలెండరులో ఎలాగూ కనిపిస్తుంది కాబట్టి.

## 10. నమోదు

ఎక్సెల్ షీటు చాలు. ఒక వరస ఎలా ఉండాలో నా దాంట్లోంచి:

- అంకె: గో-47
- ఏమిటి: పోస్టుకార్డు, రెండు వైపులా రాత, సిరాకలం
- ఎవరు, ఎవరికి: మేనమామ నుంచి మేనల్లుడికి (సంబంధం ఇంటావిడ చెప్పినది)
- తేదీ: శ్రీముఖ, భాద్రపదం, పోస్టు ముద్ర 1933 సెప్టెంబర్
- విషయం: బడి తనిఖీకి ఇన్‌స్పెక్టరు రాక, జీతం ఆలస్యం
- గుర్తులు: మధ్యలో తీగ చిల్లు, మూలల పసుపు లేదు
- ఎలా వచ్చింది: రసీదు 12, పాత తీగలో కింది నుంచి 19వది

చూసినది, విన్నది, ఊహించినది వేరువేరుగా రాయండి. "బహుశా" అన్న మాట రాయడానికి మొహమాటపడకండి. స్కాన్ 600 డీపీఐలో, రెండు వైపులా, పక్కన స్కేలు కనిపించేలా తీయండి. ఖాళీగా ఉన్న వెనకవైపు కూడా తీయాలి.

మీ పేరు స్టాంపు కొట్టకండి. ఉత్తరం మీద ఇప్పటిదాకా లేని సిరా మన వల్ల చేరకూడదు.

## 11. తాటాకులైతే

తాటాకు మీద గంటంతో గీసి, మసి రుద్ది అక్షరాలు కనిపించేలా చేస్తారు. మసి పోతే ఆకు ఖాళీగా కనిపిస్తుంది. అలాంటప్పుడు సుద్ద, పౌడరు రుద్దకండి. లైటును పక్కనుంచి, ఆకుకు దాదాపు సమాంతరంగా వేస్తే గీతల నీడలో చదవొచ్చు, ఫొటో కూడా అలాగే తీయాలి. మాటల మధ్య ఖాళీ ఉండదు. హ్రస్వ దీర్ఘాల తేడా, ఒత్తక్షరం తేడా చాలాచోట్ల చూపించరు. చదవడం రావడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

కట్ట దొరకగానే ముందు చివరి ఆకు చూడండి. లేఖకుడు సంవత్సరం, తిథి, వారం, ఎవరి కోసం రాశాడో తరచు అక్కడే చెప్తాడు. "అబద్ధం వా సుబద్ధం వా" అంటూ తప్పులకు తన పూచీ లేదని చెప్పుకున్న శ్లోకం కనిపిస్తే, అది ఇంకో ప్రతిని చూసి రాసిన నకలు. అలాంటి శ్లోకం సొంత రచన కింద రాదు.

దారం బిగించి కట్టకండి, చిల్లు దగ్గర ఆకు విరుగుతుంది. నిమ్మగడ్డి నూనె మంచిదే గానీ, ఎంత పడాలో తెలిసినవాళ్ళ చేత వేయించండి. ఎండి అట్టలుకట్టిన ఆకులను గోరుతో విడదీయకండి.

## 12. అచ్చు వేయడం, అప్పగించడం

ఉత్తరం మీదే అయినా అందులోని రాత మీద హక్కు రాసినవారిది, తర్వాత వారి వారసులది. మామూలుగా ఆ హక్కు రచయిత పోయాక 60 ఏళ్ళు ఉంటుంది. ఎన్నడూ అచ్చుకాని ఉత్తరాల విషయంలో లెక్క ఇంకా చిక్కు. అందుకని ఫేస్‌బుక్‌లో పెట్టే ముందు ఆ ఇంటివాళ్ళను ఒక మాట అడగండి. అప్పులు, జబ్బులు, సంబంధాలు తప్పిపోయిన గొడవలు ఉన్నవి నేను పేర్లు తీసేసి కూడా పెట్టను. ఊళ్ళో అందరికీ ఎవరో తెలిసిపోతుంది.

అప్పగించాలనుకుంటే మీ హద్దుకు సరిపోయే చోటు చూసుకోండి. తాటాకులకు తిరుపతిలో వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాచ్య పరిశోధన సంస్థ, హైదరాబాదులో ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఉన్నాయి. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, వేటపాలెం సారస్వత నికేతనం, కడప బ్రౌన్ గ్రంథాలయం లాంటి చోట్ల అడిగి చూడొచ్చు. ఇచ్చే ముందు వెళ్ళి వాళ్ళ నిల్వ గది చూడండి. ఇచ్చేటప్పుడు నమోదు షీటు, రసీదులు, రికార్డింగులు కూడా కలిపి ఇచ్చి, కట్ట విడగొట్టకుండా ఉంచుతామని రాయించుకోండి.

అప్పగించేదాకా పెట్టె మూత లోపలివైపు ఒక కాగితం అతికించి ఉంచండి. నా పెట్టె మీద ఇలా ఉంది: "ఇవి చిత్తు కాగితాలు కావు. తూకానికి వేయొద్దు, వరస మార్చొద్దు. లిస్టు కంప్యూటరులో 'గో' ఫోల్డరులో ఉంది. ఏం చేయాలో తెలియకపోతే మూత వేసి ఉంచండి."